పిండం ఆగిందా, మనం ఆపామా?

సోమవారం ఉదయం డిష్ తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. ఒక్కో పిండంలో నాలుగు కణాలు కనిపించాల్సిన సమయం అది. రెండే ఉన్నాయి. సాయంత్రం చూశాను, రెండే. మంగళవారం పొద్దున కూడా రెండే. యాభైకి పైగా చిట్టెలుక పిండాలు, గుండ్రంగా, తేటగా, ఎక్కడా చెడిన ఆనవాలు లేకుండా రెండు కణాల దగ్గరే నిలబడిపోయాయి. నేను ఆ ల్యాబ్‌లో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. మా సీనియర్ మేడమ్ వచ్చి చూసి, "ఇవి వాటంతట అవి ఆగాయా, మనం ఆపామా? ముందు అది తేల్చు" అన్నారు.

ఆ మాటకు జవాబు వెతకడమే ఈ ఉద్యోగంలో సగం పని అని తర్వాత అర్థమైంది. పిండాల ల్యాబ్ అనగానే బయటివాళ్లకు జన్యువులు మార్చడం, కొత్త రకం ఎలుకలను పుట్టించడం గుర్తొస్తాయి. ఆ పనులూ ఉంటాయి. వాటికంటే ముందు, తల్లి కడుపులో పెరగాల్సిన పిండాన్ని బయట ప్లాస్టిక్ డిష్‌లో నాలుగు రోజులు సవ్యంగా పెంచగలగాలి. అది చేతకాకపోతే వచ్చిన ఫలితం పిండానిదో డిష్‌దో ఎవరూ చెప్పలేరు. ప్రపంచంలోని పేరున్న ల్యాబులే ఈ ప్రశ్న దగ్గర దాదాపు 40 ఏళ్లు తంటాలు పడ్డాయి. ఆ కథ తెలిస్తే తప్ప ఈ పని దేనికి ఇంత పట్టింపుగా చేస్తామో తెలియదు.

నాలుగున్నర రోజుల లెక్క

చిట్టెలుక గర్భం మొత్తం 19, 20 రోజులు. అందులో మొదటి నాలుగున్నర రోజులు పిండం దేనికీ అంటుకోకుండా అండవాహికలో తేలుతూ, మెల్లగా గర్భాశయం వైపు జరుగుతూ ఉంటుంది. తల్లి రక్తంతో ఇంకా ముడిపడదు కాబట్టే ఈ కొద్ది రోజులు దాన్ని బయట పెంచడం సాధ్యమవుతుంది.

రాత్రి జతకట్టిన ఆడ ఎలుక యోనిలో మర్నాడు ఉదయం తెల్లటి గట్టి ముద్ద కనిపిస్తుంది. మగ ఎలుక వీర్యంలోని స్రావాలు గడ్డకట్టి అది ఏర్పడుతుంది. ల్యాబులో అందరూ ప్లగ్ అనే అంటారు. కొన్ని గంటల్లో అది రాలిపోతుంది, అందుకే యానిమల్ హౌస్‌కి పొద్దున్నే వెళ్లాలి. ప్లగ్ కనిపించిన రోజు మధ్యాహ్నాన్ని 0.5వ రోజుగా లెక్కపెడతారు. అక్కడి నుంచి 1.5వ రోజుకు రెండు కణాలు, 2.5కి ఎనిమిది. అప్పటిదాకా గోళీల కుప్పలా విడివిడిగా కనిపించిన కణాలు ఎనిమిది కణాల దశలో ఒకదానికొకటి గట్టిగా హత్తుకుని, హద్దులు తెలియని ఒకే ఉండగా మారతాయి. 3.5వ రోజుకు లోపల నీటి గది ఏర్పడి పిండం బ్లాస్టోసిస్ట్ అవుతుంది. చుట్టూ ఉన్న పొర కణాల నుంచి మాయ వస్తుంది, లోపల ఒక పక్కకు చేరిన గుప్పెడు కణాల నుంచి పిల్ల శరీరం వస్తుంది. 4.5కి జోనా అనే పై తొడుగును విడిచి గర్భాశయం గోడకు అతుక్కుంటుంది.

ఈ లెక్కలో రెండు కణాల దశ దగ్గర కొంచెం ఆగాలి. మొదటి విభజనను పిండం సొంత శక్తితో దాటదు, గుడ్డులో తల్లి దాచి ఉంచిన ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లతో దాటుతుంది. రెండు కణాలయ్యాక తన సొంత జన్యువులను పెద్ద ఎత్తున పనిలోకి దింపుతుంది. పుట్టింటివాళ్లు కట్టిచ్చిన సద్ది అయిపోయి సొంత పొయ్యి వెలిగించుకోవాల్సిన సమయం లాంటిది. మనిషి పిండంలో ఈ మార్పు నాలుగు నుంచి ఎనిమిది కణాల మధ్య జరుగుతుంది. మా పిండాలు ఆగింది సరిగ్గా ఆ మలుపులోనే. కాబట్టి తప్పు పిండం లోపలే ఉందని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

డిష్‌లోకి చేరే దాకా

సహజంగా ఒక ఎలుకలో ఒకసారికి ఎనిమిది, పది గుడ్లు విడుదలవుతాయి. ప్రయోగానికి అవి చాలవు. అందుకని మూడు నుంచి ఐదు వారాల వయసున్న ఆడ ఎలుకకు మొదట గర్భంతో ఉన్న గుర్రం సీరం నుంచి తీసిన హార్మోన్, 46 నుంచి 48 గంటల తర్వాత హెచ్‌సీజీ అనే మరో హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి, మగ ఎలుక దగ్గర వదులుతారు. హెచ్‌సీజీ ఇచ్చిన పన్నెండు గంటల అటూ ఇటూగా గుడ్లు విడుదలవుతాయి. ఇరవై, ముప్పై దాకా దొరుకుతాయి. ఈ గంటలన్నీ ఎలుకల గదిలోని పగలూ రాత్రికి ముడిపడి ఉంటాయి. గదిలో లైట్లు టైమర్ మీద నడుస్తాయి. రాత్రి ఎవరో లోపలికి వెళ్లి లైటు ఆర్పడం మరిచిపోతే ఆ వారం లెక్క తప్పుతుంది.

మర్నాడు ప్లగ్ ఉన్న ఎలుకను నిబంధనల ప్రకారం, బాధ వీలైనంత తక్కువగా ఉండేలా చంపి అండవాహికలు తీస్తారు. దీని గురించి చివర్లో మళ్లీ చెబుతాను. అండవాహికలో ఒక చోట ఉబ్బెత్తుగా, పారదర్శకంగా ఉంటుంది. అక్కడ సన్నటి ఫోర్సెప్స్‌తో చీలిస్తే గుడ్లన్నీ జిగురు జిగురుగా ఉన్న కణాల మబ్బుతో కలిసి ఒక్కసారిగా బయటికి జారతాయి. ఎన్నేళ్లు చూసినా ఆ క్షణం మీద నాకు మోజు తీరలేదు. హైలురోనిడేజ్ అనే ఎంజైమ్‌లో కొద్ది నిమిషాలు ఉంచితే చుట్టూ ఉన్న కణాలు విడిపోయి గుడ్లు శుభ్రంగా మిగులుతాయి. మరీ ఎక్కువసేపు ఉంచితే గుడ్లకే హాని.

ఇక వాటిని ఒక చోటి నుంచి మరో చోటికి మార్చాలి. గుడ్డు వ్యాసం సుమారు 80 మైక్రాన్లు, జోనా కలిపితే 100 దాకా, అంటే మిల్లీమీటరులో పదో వంతు. సన్న గాజు గొట్టాన్ని మంట మీద మెత్తబరిచి, పక్కకు తీసి ఒక్క లాగు లాగితే వెంట్రుకలా సాగుతుంది. దాని కొసను అడ్డంగా, అంచు నున్నగా ఉండేలా విరగ్గొట్టాలి. నోరు ఇరుకైతే పిండం నలుగుతుంది. వెడల్పైతే పాత ద్రవం కూడా పిండంతో పాటు కొత్త బొట్టులోకి వస్తుంది. ఆ గొట్టానికి రబ్బరు ట్యూబు తగిలించి, రెండో చివర నోట్లో పెట్టుకుని, ఊపిరితో పీల్చి ఊపిరితో వదలడం పాత పద్ధతి. భద్రత కోసం ఇప్పుడు చాలా చోట్ల దాన్ని వద్దంటున్నారు, లేదా మధ్యలో ఫిల్టర్ తప్పనిసరి చేశారు. వేలితో తిప్పే పరికరాలూ వచ్చాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు వాటితోనే మొదలుపెట్టాలని నేను అంటాను. ఏ పద్ధతైనా పిండాన్ని పోగొట్టకుండా పది సార్లు వరసగా మార్చగలగడానికి నాకు మూడు నెలలు పట్టింది.

చేతి పని ఎంత బాగున్నా సమయం ఆగదు. పిండాన్ని పెంచే ద్రావణాన్ని మీడియం అంటారు. అందులో బైకార్బనేట్ ఉంటుంది. ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్నంతసేపు దాని పీహెచ్ నిలకడగా ఉంటుంది. బయట పెడితే నిమిషాల్లోనే వాయువు పోయి క్షారగుణం పెరుగుతుంది. ఫినాల్ రెడ్ కలిపిన మీడియంలో ఇది కంటికే తెలుస్తుంది. నారింజ ఎరుపు కాస్తా గులాబీ రంగుకు, ఆపైన వంకాయ రంగుకు తిరుగుతుంది. అందుకే డిష్‌లు ముందురోజు సాయంత్రమే తయారుచేసి లోపల పెట్టేస్తారు. బయట పని చేసేటప్పుడు గాలిలోనూ పీహెచ్ నిలబెట్టే వేరే మీడియం వాడతారు. ఆక్సిజన్ సంగతి కూడా ఇలాంటిదే. గాలిలో అది 20 శాతం పైన ఉంటుంది, అండవాహికలో చాలా తక్కువ. అందుకని చాలా ల్యాబులు ఇంక్యుబేటర్‌లో 5 శాతానికి దించుతాయి.

నలభై ఏళ్ల అడ్డంకి

1949లో కేంబ్రిడ్జ్‌లో జాన్ హామండ్ జూనియర్ ఉప్పు ద్రావణంలో కోడిగుడ్డు తెల్లసొన, పచ్చసొన కలిపి చిట్టెలుక పిండాలను పెంచి చూశారు. ఎనిమిది కణాల దశలో తీసినవి బ్లాస్టోసిస్ట్ దాకా వెళ్లాయి. రెండు కణాల దశలో తీసినవి వెళ్లలేదు. 1956లో ఆస్ట్రేలియాలో వెస్లీ విట్టెన్ కోడిగుడ్డును పక్కనపెట్టి, ఏది ఎంత కలిసిందో కచ్చితంగా తెలిసిన ద్రావణంలో అదే ఫలితం సాధించారు. 1958లో లండన్‌లో ఆన్ మెక్‌లారెన్, జాన్ బిగ్గర్స్ ఇంకో అడుగు వేశారు. డిష్‌లో రెండు రోజులు పెరిగిన పిండాలను వేరే ఆడ ఎలుకల గర్భాశయాల్లో పెడితే మామూలు పిల్లలు పుట్టాయి. శరీరం బయట గడిపిన రోజులు పిండాన్ని పాడు చేయవని అప్పటికి అందరికీ ధైర్యం వచ్చింది.

అయినా ఆ రెండు కణాల గోడ అలాగే ఉంది. 1960లలో అమెరికాలో రాల్ఫ్ బ్రిన్‌స్టర్ రెండు మంచి పనులు చేశారు. మొదటిది, చిన్న చిన్న మీడియం బొట్లు పెట్టి పైన నూనె పోయడం. దాంతో బొట్టు ఎండిపోదు, పిండాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఈ రోజుకీ మేం చేసేది అదే. రెండోది, పిండం తిండి గురించి. మన కణాలన్నిటికీ గ్లూకోజ్ ఇష్టం కదా అని అందరూ అదే పోస్తున్నారు. రెండు కణాల పిండానికి గ్లూకోజ్ పనికిరాదని, గ్లూకోజ్ విరిగితే వచ్చే పైరువేట్ లాంటివి కావాలని ఆయన చూపించారు. 1968లో విట్టెన్, బిగ్గర్స్ ఒకే కణం దశ నుంచి బ్లాస్టోసిస్ట్ దాకా డిష్‌లోనే పెంచారు. అది కొన్ని సంకర జాతి ఎలుకల గుడ్లతోనే కుదిరింది. మిగిలిన చాలా జాతులు రెండు కణాల దగ్గరే ఆగిపోయేవి. దీనికి టూ సెల్ బ్లాక్ అని పేరు కూడా స్థిరపడింది.

ఒకసారి పేరు పడితే దాన్ని పిండం స్వభావంగా చూడటం మొదలవుతుంది. 1982లో వచ్చిన ఒక ప్రయోగం ఆ నమ్మకాన్ని ఇంకా గట్టిపరిచింది. ముగల్టన్-హారిస్, విటింగ్‌హామ్, విల్సన్ కలిసి, ఆగని జాతి గుడ్డు లోపలి సైటోప్లాజమ్‌ను కొద్దిగా తీసి ఆగిపోయే జాతి గుడ్డులోకి ఎక్కించారు. ఆ గుడ్లు అడ్డంకి దాటేశాయి. లోపం గుడ్డులోనే ఉందనడానికి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

కానీ ఒక విషయం అందరి కళ్ల ముందే ఉంది. ఆగిపోతాయని చెబుతున్న ఆ జాతుల్లో తల్లి కడుపులోని పిండాలు ఆగడం లేదు. పక్క గదిలోని బోనుల్లో మూడు వారాలకోసారి అవి పిల్లలు పెడుతూనే ఉన్నాయి. గుడ్డు అంత లోపంతో పుడితే ఆ జాతే మిగలకూడదు.

దారి కొద్దికొద్దిగా తెరుచుకుంది. 1977లోనే అబ్రమ్‌చుక్, సోల్టర్, కోప్రోవ్‌స్కీ మీడియంలో కొంచెం ఈడీటీఏ కలిపితే పిండాలు మెరుగ్గా పెరుగుతాయని చెప్పారు. ఈడీటీఏ లోహపు అయాన్లను పట్టి ఉంచే పదార్థం. 1989లో షాటో, జియోమెక్, బావిస్టర్ మొదట్లో గ్లూకోజ్ పూర్తిగా తీసేసి, గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం, ఈడీటీఏ చేర్చిన మీడియం తయారుచేశారు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో దానికి సీజెడ్‌బీ అని పేరు. ఆగిపోవడానికి పేరుమోసిన జాతి పిండాలు అందులో రెండు కణాల దశ దాటి వెళ్లాయి. మూడో రోజు గ్లూకోజ్ తిరిగి ఇస్తే బ్లాస్టోసిస్ట్‌లయ్యాయి.

తర్వాత లావిట్స్, బిగ్గర్స్ చేసిన పని నాకు అన్నిటికంటే ఇష్టం. పులుసు రుచి కుదరకపోతే మనం ఉప్పు ఒక్కటే మార్చి చూస్తాం, తర్వాత చింతపండు ఒక్కటే మార్చి చూస్తాం. అప్పటిదాకా మీడియం విషయంలోనూ అలాగే చేశారు. వీళ్లు అన్ని దినుసుల పాళ్లనూ ఒకేసారి మార్చిన మీడియాలు కొన్ని చేసి, వాటిలో అన్నిటికంటే చెత్త ఫలితం వచ్చినదాన్ని తీసేసి, తర్వాతి పాళ్లు ఎటు జరపాలో లెక్క ప్రకారం నిర్ణయిస్తూ పోయారు. సింప్లెక్స్ అనే గణిత పద్ధతి అది. ఏ దినుసు మంచిది, ఏది చెడ్డది అని ముందే అనుకోలేదు, పిండాలు ఎటు బాగా పెరిగితే అటు నడిచారు. 1990ల మొదట్లో అలా వచ్చిన కేసామ్ మీడియం, దాని రూపాంతరాలే ఈనాటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. అందులో ఉప్పు తక్కువ. ఆ పాళ్లలో గ్లూకోజ్ కూడా పెద్దగా హాని చేయదని తేలింది. అంటే గ్లూకోజ్ దానంతట అది విషం కాదు. ఉప్పు, ఫాస్ఫేట్ ఎక్కువై పిండం ఇప్పటికే ఇబ్బంది పడుతున్నప్పుడు అది కూడా మోయలేని బరువవుతుంది.

ఉప్పు ఎందుకంత ముఖ్యమో తర్వాతి పరిశోధన చెప్పింది. చుట్టూ ఉప్పు ఎక్కువైతే కణం నీరు కోల్పోయి చిక్కిపోతుంది. అండవాహికలో ఉన్నప్పుడు పిండం గ్లైసిన్ లాంటి అమైనో ఆమ్లాలను లోపలికి పీల్చుకుని తన పరిమాణాన్ని కాపాడుకుంటుంది. పాత మీడియాల్లో ఆ అమైనో ఆమ్లాలే లేవు. సంకర జాతి గుడ్లు ఆ కష్టాన్ని తట్టుకున్నాయి, మిగతావి తట్టుకోలేకపోయాయి. 1982 ప్రయోగం తప్పేమీ చెప్పలేదు. గుడ్లలో తేడా నిజమే. కాకపోతే ఆ తేడా బయటపడింది డిష్ పెట్టిన కష్టం వల్ల.

చూపుకు బాగున్న పిండం

బ్లాస్టోసిస్ట్ అయితే చాలు, డిష్ బాగున్నట్టే అని చాలాకాలం అనుకున్నారు. 2000లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని బృందం ఒకటి ఆ నమ్మకాన్ని కదిలించింది.

మనకు ప్రతి జన్యువూ రెండు ప్రతులుగా వస్తుంది, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. కొన్ని జన్యువుల్లో మాత్రం ఒక ప్రతి మాట్లాడితే రెండోది మౌనంగా ఉండాలి. తల్లి జన్యువులు మాత్రమే, లేదా తండ్రి జన్యువులు మాత్రమే ఉన్న చిట్టెలుక పిండాలు ఎందుకు బతకవో 1984లో కేంబ్రిడ్జ్‌లో అజీమ్ సురానీ, ఫిలడెల్ఫియాలో మెక్‌గ్రాత్, సోల్టర్ చూపించినప్పుడు ఈ ఏర్పాటు లోకానికి తెలిసింది. హెచ్19 అనే జన్యువులో తల్లి ప్రతి పనిచేయాలి, తండ్రి ప్రతి మౌనంగా ఉండాలి. పెన్సిల్వేనియా బృందం రెండు కణాల పిండాలను రెండు రకాల మీడియాల్లో బ్లాస్టోసిస్ట్ దాకా పెంచింది. అమైనో ఆమ్లాలు కలిపిన కేసామ్‌లో పెరిగినవాటిలో తండ్రి ప్రతి మౌనంగానే ఉంది. పాత విట్టెన్ మీడియంలో పెరిగిన చాలా పిండాల్లో అది కూడా పనిచేయడం మొదలుపెట్టింది. మైక్రోస్కోప్ కింద చూస్తే అవీ ఇవీ చక్కటి బ్లాస్టోసిస్ట్‌లే.

ఈ పని నేర్చుకునేవాళ్లందరికీ నేను మొదట చెప్పేది ఈ ప్రయోగం గురించే. పిండం ఆగితే కనీసం మనకు తెలుస్తుంది. ఆగకుండా, అందంగా పెరుగుతూ, లోపల డిష్ గుర్తులు మోస్తూ వెళ్తే దాన్ని పట్టుకోవడం కష్టం. ఒక జన్యువును తీసేసి ఏం జరుగుతుందో చూసే ప్రయోగమైతే, అదే తల్లుల నుంచి వచ్చిన మామూలు పిండాలను అదే డిష్‌లో, అదే రోజు, పక్కనే పెంచాలని అందుకే పట్టుబడతాం. వీలైతే తల్లి కడుపులోనే పెరిగి సరైన రోజున తీసిన పిండాలను కూడా పక్కన పెట్టి పోల్చాలి. డిష్‌లో పెరిగినవి కొంచెం వెనకబడతాయి, కణాలూ తక్కువుంటాయి. 3.5వ రోజు బ్లాస్టోసిస్ట్‌లను 2.5వ రోజు లెక్కలో ఉన్న మరో ఎలుక గర్భాశయంలో పెట్టడం వెనుక ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. వెనకబడిన పిండానికి ఒక రోజు గడువు ఇచ్చినట్టవుతుంది.

4.5వ రోజు దాటాక పిండాన్ని బయట పెంచడం ఇంకా కష్టం. 2021లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో జేకబ్ హన్నా బృందం 5.5వ రోజు పిండాలను 11వ రోజు దాకా పెంచి, గుండె కొట్టుకోవడం, కాళ్ల మొలకలు రావడం చూపించింది. ఆ పనికి కీలకం తిరిగే గాజు సీసాలు, వాటిలోని వాయువుల పాళ్లు, ఒత్తిడి మీద సాధించిన అదుపు. ఇక్కడా కథ పిండాన్ని పెంచే గిన్నె దగ్గరికే వచ్చింది.

ఐవీఎఫ్ సెంటర్‌లోని నూనె సీసా

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఐవీఎఫ్ సెంటర్‌కి వెళ్లే దంపతులకు చిట్టెలుకలతో తమకు సంబంధం ఉందని తెలియకపోవచ్చు. అక్కడ వాడే మీడియం, నూనె, డిష్, పిపెట్ లాంటివాటిని అమ్మే ముందు చిట్టెలుక పిండాల మీద పరీక్షిస్తారు. ఒక కణం దశలోని పిండాలను వాటితో పెంచితే 96 గంటల్లో కనీసం 80 శాతం బ్లాస్టోసిస్ట్‌లు కావాలన్నది ఎక్కువగా పాటించే కొలత. ఈ పరీక్షకు ఎక్కువగా సంకర జాతి పిండాలనే వాడతారు. అవి మొండివి. 1968లో పాత మీడియాన్నే తట్టుకుని పెరిగినవి కదా, కొద్దిపాటి విషాన్ని కూడా తట్టుకుని పాస్ చేసేస్తాయి. సున్నితమైన జాతుల పిండాలతో, ప్రొటీన్ తక్కువున్న మీడియంలో, చివర్లో కణాలు కూడా లెక్కపెట్టి పరీక్షించడం మేలు. మనుషుల పిండాల విషయంలో ఖర్చు గురించి వెనకాడటం నాకు సరైనదిగా అనిపించదు.

ఈ బంధం పాతదే. ఐవీఎఫ్‌కు 2010లో నోబెల్ అందుకున్న రాబర్ట్ ఎడ్వర్డ్స్ ఎడిన్‌బరోలో చిట్టెలుకల మీదే పీహెచ్‌డీ చేశారు. పూర్తిగా ఎదిగిన ఎలుకల్లోనూ హార్మోన్లతో ఎక్కువ గుడ్లు విడుదల చేయించవచ్చని రూత్ ఫౌలర్‌తో కలిసి 1957లో చూపించింది ఆయనే. 1978లో ప్రపంచంలో మొదటి ఐవీఎఫ్ బిడ్డ లూయిస్ బ్రౌన్ పుట్టింది. ఆ పిండం డిష్‌లో విభజన చెందడం మొదట చూసిన వ్యక్తి ల్యాబ్ బాధ్యతలు మోసిన జీన్ పర్డీ. ఆ ఘనతకు గుర్తుగా ఆస్పత్రిలో పెట్టే ఫలకం మీద ఆమె పేరు కూడా ఉండాలని ఎడ్వర్డ్స్ ఉత్తరాలు రాసినా అప్పట్లో పెట్టలేదు.

అదే ఏడాది అక్టోబర్ 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ చేసిన ఐవీఎఫ్‌తో దుర్గ అనే పాప పుట్టింది. ఆ పిండాన్ని ఆయన 53 రోజులు గడ్డకట్టించి ఉంచారు. చిట్టెలుక పిండాలను మైనస్ 196 డిగ్రీలకు గడ్డకట్టించి తిరిగి బతికించడం విటింగ్‌హామ్, లీబో, మేజర్ లోకానికి చూపించి అప్పటికి ఆరేళ్లే అయింది. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ కమిటీ ముఖర్జీ మాట నమ్మలేదు. 1981లో ఆయన ప్రాణం తీసుకున్నారు. ఆయన చేతిరాత నోట్స్ చదివి, ఆ పని నిజమని 1997లో లోకానికి చెప్పింది అప్పటిదాకా దేశంలో మొదటి ఐవీఎఫ్ శిశువు ఘనత దక్కిన శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్. ల్యాబ్ నోట్స్ రాయడానికి బద్ధకించే పిల్లలకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

ఆ సోమవారం సంగతి

మా పిండాల విషయానికి వస్తాను. మొదట ఎలుకల జాతిని అనుమానించాం. తర్వాత మీడియం కొత్తగా కలిపాం, ఇంక్యుబేటర్‌లో వాయువు కొలిచాం, ఫినాయిల్‌తో తుడిచారేమోనని అడిగాం. ఘాటైన వాసనలు కూడా పిండాలను ఆపగలవు. ఏదీ తేలలేదు. అప్పుడు మేడమ్ చెప్పిన పద్ధతి చాలా సాదా. ఒకే రోజు తీసిన పిండాలన్నిటినీ ఒక బొట్టులో కలిపేసి, ఏది ఏ తల్లిదో చూడకుండా పంచుకుంటూ పోవాలి. ప్రతి డిష్‌లో ఒక్క వస్తువే తేడా ఉండాలి. మూడో రోజు జవాబు కనిపించింది. కొత్త సీసాలోని నూనె పోసిన డిష్‌లో పిండాలు ఎనిమిది కణాలు దాటి ఉండలయ్యాయి. పాత సీసా నూనె కింద ఉన్నవి రెండు దగ్గరే.

ఆ సీసాకు పరీక్ష పాసైన సర్టిఫికెట్ ఉంది. సీసా తెరిచాక దాన్ని కిటికీ పక్క అరలో పెట్టింది నేనే. వెలుతురు, వేడి తగిలితే మినరల్ ఆయిల్‌లో పెరాక్సైడ్లు పేరుకుంటాయి, అవి మెల్లగా మీడియం బొట్టులోకి దిగుతాయి. రంగు మారదు, వాసన రాదు. మార్చి నెల ఎండ రోజూ మధ్యాహ్నం రెండు గంటలు ఆ అర మీద పడేదని తర్వాత గమనించాను.

ఈ రంగంలోకి రావాలనుకునే మన పిల్లలు చాలామంది ఉన్నారు. జువాలజీ, బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చేసినవాళ్లు, పశువైద్యం చదివినవాళ్లు. హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ ఉంది, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ప్రయోగశాల జంతువుల కేంద్రం ఉంది, బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో చిట్టెలుకల జన్యువులను మార్చే ప్రత్యేక విభాగం ఉంది. విదేశాల్లో పెద్ద విశ్వవిద్యాలయాలన్నిటికీ ఇలాంటి విభాగాలున్నాయి. చదువు కంటే ముందు వాళ్లు తమను తాము అడగాల్సింది ఒకటుంది. దాన్ని చివర్లో చెబుతానని పైన అన్నాను.

ప్రతి డిష్ వెనుక చంపిన తల్లి ఉంటుంది. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ దగ్గర సంస్థ నమోదు కాకుండా, ఆ సంస్థలోని నైతిక కమిటీ అనుమతి లేకుండా ఒక్క ఎలుకను కూడా వాడకూడదు. ఎన్ని కావాలో, ఎందుకు అన్నే కావాలో ముందే రాసివ్వాలి. వీలైతే జంతువులు లేకుండా, లేదంటే తక్కువ జంతువులతో, తక్కువ బాధతో పని చేయాలని రస్సెల్, బర్చ్ 1959లో చెప్పిన సూత్రమే దీనికంతటికీ పునాది. పిండాలను గడ్డకట్టించి దాచడం వల్ల ఎన్నో జాతులను బోనుల్లో తరతరాలుగా పెంచాల్సిన అవసరం తప్పింది. ఇవన్నీ నిజమే. అయినా ఉదయం చేతిలో వెచ్చగా ఉన్న ప్రాణిని చంపేది మనమే. అది చేయలేనివాళ్లు ఈ పనిలోకి రాకపోవడం తప్పేమీ కాదు. చేయగలిగేవాళ్లు దాన్ని అలవాటుగా మారనివ్వకూడదు.

ఆ సోమవారం ఆగిపోయిన పిండాలు మూడు తల్లుల నుంచి వచ్చినవి. కారణం వెతకడానికి చేసిన ప్రయోగాలకు ఇంకో ఐదు పోయాయి. వాటి నంబర్లన్నీ రిజిస్టర్‌లో ఒకదాని కింద ఒకటి రాసి, ఎదురుగా కారణం గడిలో "నూనె సీసా, కిటికీ ఎండ" అని రాసి సంతకం చేశాను. ఆ అర మీద ఇప్పుడు నల్ల అట్ట అతికించి ఉంది.